డేటన్‌లో గీసిన గీత

ఒహాయో రాష్ట్రంలోని డేటన్ మన తెలుగువాళ్ళకి కొత్త ఊరేమీ కాదు. సిన్సినాటి, కొలంబస్ ప్రాంతాల్లో ఉండేవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏదో ఒక శనివారం అక్కడి విమానాల మ్యూజియానికి తీసుకెళ్తుంటారు. టికెట్టు లేదు, పిల్లలకి పొద్దుపోతుంది, పైగా రైట్ సోదరుల సొంత ఊరు. ఆ మ్యూజియం ఉన్న రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలోనే 1995 నవంబరులో ముగ్గురు అధ్యక్షుల్ని మూడు వారాలపాటు బయటి ప్రపంచానికి దూరంగా కూర్చోబెట్టి బోస్నియా యుద్ధాన్ని ఆపించారు. యుద్ధాలు ఎందుకొచ్చాయో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. ఆగిన యుద్ధం మళ్ళీ ఎందుకు రాలేదన్న ప్రశ్న మీద అంత ఆసక్తి కనబడదు. నాకు ఆసక్తి అక్కడే. ముప్ఫై ఏళ్ళుగా బోస్నియాలో తుపాకులు పేలలేదు. అలాగని ఆ దేశం కుదుటపడిందని కూడా అనలేం. ఈ రెండూ ఒకే ఒప్పందం వల్ల జరిగాయి. అదెలాగో చూద్దాం.

ముందు నేపథ్యం క్లుప్తంగా. యుగోస్లావియా ఆరు గణతంత్రాల సమాఖ్య. మార్షల్ టిటో 1980లో పోయాక, అప్పులూ ధరలూ పెరిగి, ఎవరి జాతి పేరు చెప్పుకుని వాళ్ళు ఓట్లడగడం మొదలైంది. 1991లో స్లొవేనియా, క్రొయేషియా విడిపోయాయి. బోస్నియా పరిస్థితి మరీ చిక్కు. 1991 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 44 లక్షల మందిలో నూటికి 43 మంది ముస్లిములు (తర్వాత బొస్నియాకులు అన్న పేరు స్థిరపడింది), 31 మంది సెర్బులు, 17 మంది క్రొయేట్లు. సెర్బులు ఆర్థడాక్స్ క్రైస్తవులు, క్రొయేట్లు కాథలిక్కులు. ముగ్గురిదీ ఒకటే భాష. ఒకే వీధిలో, ఒకే అపార్టుమెంటులో కలిసి బతికినవాళ్ళు. 1992 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం మూడున్నరేళ్ళు సాగింది. లక్షమంది దాకా చనిపోయారు. 22 లక్షల మంది, అంటే దేశంలో సగం మంది, ఇళ్ళు వదిలి పోయారు. రాజధాని సరాయెవోని 1,425 రోజులు ముట్టడించారు.

అప్పటి ఐక్యరాజ్యసమితి శాంతిసేనకి మొదటి అధిపతి మన భారత సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. 1992 మార్చి నుంచి ఏడాదిపాటు ఆయన చేసిన ఉద్యోగం ఎవరికీ రాకూడదు. చేతిలో సైన్యం ఉంది, కానీ కాపాడటానికి శాంతి లేదు. ఆ తర్వాతి కాలంలో ఐక్యరాజ్యసమితి 'సురక్షిత ప్రాంతం' అని ప్రకటించిన స్రెబ్రెనిత్సా 1995 జులైలో సెర్బు సైన్యం చేతిలో పడింది. కొద్ది రోజుల్లో ఎనిమిది వేలకు పైగా మగవాళ్ళనీ, కుర్రవాళ్ళనీ చంపేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో జరిగిన అతి పెద్ద మారణకాండ అది. దాని తర్వాతే నాటో విమానాలు నిజంగా కదిలాయి. క్రొయేట్, బొస్నియాక్ సేనలు కలిసి ముందుకు నడిచాయి. సెర్బులు చర్చలకి వచ్చారు.

ఇక డేటన్. సెర్బియా నుంచి మిలోషెవిచ్, క్రొయేషియా నుంచి తుజ్మన్, బోస్నియా నుంచి ఇజెత్బెగోవిచ్. అమెరికా తరఫున పెద్ద మనిషి రిచర్డ్ హోల్‌బ్రుక్. అప్పటికే ఒక లెక్క కుదిరింది: బోస్నియా ఒకే దేశంగా ఉంటుంది గాని అందులో రెండు భాగాలుంటాయి. బొస్నియాకులూ క్రొయేట్లూ కలిసిన ఫెడరేషన్‌కి నేలలో 51 శాతం, సెర్బుల రిపబ్లికా స్ర్ప్‌స్కాకి 49 శాతం. మిగిలింది గీత ఎక్కడ గీయాలన్నదే.

ఇక్కడ మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే ముచ్చట ఒకటుంది. అమెరికా సైన్యం పవర్‌సీన్ అనే కంప్యూటర్ వ్యవస్థని తెచ్చి పెట్టింది. ఉపగ్రహ చిత్రాలతో తయారైన బోస్నియా కొండలూ లోయలూ తెరమీద కనబడతాయి, వాటి మీదుగా ఎగురుతున్నట్టు చూసుకోవచ్చు. తూర్పున గొరాజ్దె అనే బొస్నియాక్ పట్నం చుట్టూ సెర్బుల నేల. దాన్ని సరాయెవోతో కలపడానికి ఒక దారి కావాలి. మిలోషెవిచ్ ఇస్తానన్న సన్నని పట్టీ సరిపోదని, చుట్టూ ఉన్న కొండలెక్కి ఎవరైనా దాన్ని కోసెయ్యగలరని జనరల్ వెస్లీ క్లార్క్ ఆ తెరమీదే చూపించాడు. విస్కీ తాగుతూ ఆ రాత్రి వాళ్ళు పట్టీని వెడల్పు చేశారు. దానికి స్కాచ్ రోడ్డు అని ముద్దుపేరు కూడా వచ్చింది. లక్షలమంది బతుకులు తేల్చే గీత అలా తేలింది.

తీరా గీత గీశాక కంప్యూటరు లెక్కగట్టి చెబితే ఫెడరేషన్ వాటా 55 శాతం వచ్చింది! మిలోషెవిచ్ మండిపడ్డాడు. అతనికి 49 కావాలి. ఇక చివరి రోజుల్లో వేట మొదలైంది: ఎక్కడ ఎంత నేల అటు తోస్తే అంకె సరిపోతుంది? పడమట జనం పెద్దగా లేని కొండప్రాంతం ఒకటి సెర్బుల వైపు పడింది. లెక్క కుదిరింది. ఇంజనీరుగా నాకిది మింగుడుపడదు. చదరపు కిలోమీటరు అనే కొలత బీడు కొండకీ, బజారున్న వీధికీ తేడా చూడదు. ఏది సులువుగా కొలవగలమో దాన్నే కొలిచి, అసలు కావలసింది కొలిచామనుకోవడం మా వృత్తిలోనూ ఉన్న జబ్బే. చివరికి ఉత్తరాన సావా నది ఒడ్డునున్న బర్చ్‌కో ఎవరిదో తేలక చర్చలు విరిగిపోయే స్థితి వస్తే, ఆఖరి పొద్దున ఆ ఒక్క ఊరినీ మధ్యవర్తి తీర్పుకి వదిలేసి నవంబరు 21న చేతులు కలిపారు. డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. ఇది న్యాయమైన శాంతి కాకపోవచ్చుగాని యుద్ధం కన్నా నయమన్న ధోరణిలో మాట్లాడాడు ఇజెత్బెగోవిచ్. ఆ రోజు ఎవరూ సంబరపడినట్టు కనబడదు.

ఒప్పందానికి పదకొండు అనుబంధాలు. అందులో నాలుగోది ఏకంగా ఆ దేశ రాజ్యాంగం! ఇంగ్లీషులో రాసినది. ఆ దేశ ప్రజలు గాని, వాళ్ళ పార్లమెంటు గాని ఓటేసి తెచ్చుకున్నది కాదు. ఏడో అనుబంధం నిర్వాసితులు తమ ఇళ్ళకి తిరిగి రావచ్చని చెబుతుంది. పదోది హై రిప్రజెంటేటివ్ అనే విదేశీ అధికారిని పెట్టింది. ఒకే పత్రంలో జాతుల వారీగా కుర్చీలు పంచిన నాలుగోది, కలగాపులగంగా మళ్ళీ కలిసి బతకమన్న ఏడోది పక్కపక్కనే ఉన్నాయి. తర్వాతి ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఆ రెంటి పోట్లాటే అని నా అభిప్రాయం.

తుపాకులు దింపించడం, అనుకున్నంత కష్టం కాలేదు. నాటో 60,000 మంది సైనికుల్ని దింపింది. ఒక్క ఏడాదిలో వచ్చేస్తారని క్లింటన్ చెప్పాడు, తొమ్మిదేళ్ళున్నారు. 2004 డిసెంబరులో ఆ పని యూరోపియన్ యూనియన్ సేనకి అప్పజెప్పారు, అది చిన్నదైపోయినా 2025లోనూ అక్కడే ఉంది. అంతగా ఎవరికీ తెలియని పని ఇంకొకటి జరిగింది. 1996 జూన్‌లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఈ ప్రాంతపు దేశాలు ఆయుధాల మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి. అప్పటి యుగోస్లావియాకి 5 ఉంటే క్రొయేషియాకి 2, బోస్నియాకి 2, ఆ నిష్పత్తిలోనే టాంకులూ, ఫిరంగులూ, యుద్ధవిమానాలూ ఉండాలి. ఒకరి ఆయుధాగారాలకి మరొకరు వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. 1997 అక్టోబరు కల్లా సుమారు 6,500 పెద్ద ఆయుధాలు ముక్కలైపోయాయి. నిన్నటి దాకా కాల్చుకున్నవాళ్ళు నోటుబుక్కు పట్టుకుని పక్కవాడి షెడ్డులో టాంకులు లెక్కపెట్టుకోవడం! టీవీలో చూపించేంత దృశ్యం కాదు గాని, ఆ ప్రాంతం మొత్తానికి భద్రత అన్నది అక్కడ మొదలైంది.

నేల మీదున్న గీతకి వద్దాం. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు పొడవు. కంచె లేదు, గోడ లేదు, పాస్‌పోర్టు అడిగేవాడు లేడు. సరాయెవో అంచున దోబ్రిన్యా అనే పేటలోనైతే అపార్టుమెంట్ల మధ్య నుంచే పోయింది. ఏ బ్లాకు ఎటో తేల్చడానికి 2001లో ఒక ఐరిష్ జడ్జి రావలసి వచ్చింది. కాగితం మీద ఎవరైనా ఎటైనా పోవచ్చు. కానీ ఎవరూ పోయేవారు కాదు. ఎందుకంటే కారు నంబరు ప్లేటు చూస్తే తెలిసిపోయేది. సెర్బుల ప్లేటు మీద సిరిలిక్ లిపి, క్రొయేట్ల దాని మీద వాళ్ళ గళ్ళ గుర్తు, బొస్నియాకుల దాని మీద వాళ్ళ పువ్వు గుర్తు. అవతలి వైపుకెళ్ళిన కారుని పోలీసులు ఆపేవారు, లేదా పిల్లలు రాళ్ళేసేవారు. కొడుకు సమాధి చూడటానికో, పాత ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికో బయల్దేరినవాళ్ళు దారిలోనే భయపడి వెనక్కి తిరిగేవారు.

స్పెయిన్ నుంచి వచ్చిన హై రిప్రజెంటేటివ్ కార్లోస్ వెస్టెన్‌డోర్ప్ 1998లో దేశమంతటికీ ఒకే ప్లేటు పెట్టించాడు. ఊరి పేరు లేదు, ప్రాంతం గుర్తు లేదు. అక్షరాలు మాత్రం ఏడే: ఎ, ఇ, జె, కె, ఎం, ఓ, టి. రోమన్‌లోనూ సిరిలిక్‌లోనూ ఒకేలా కనబడే అక్షరాలవి. ఆ ప్లేటు చూసి అది ఏ లిపి అని ఎవరూ చెప్పలేరు. మనం లిపి గురించి ఎన్ని సభలు పెట్టుకుంటాం! రెండు లిపులకీ ఉమ్మడిగా ఉన్న అక్షరాలు ఏరి జనాన్ని రోడ్డెక్కించిన ఉదాహరణ ఇంకొకటి నాకు తెలియదు. గీత దాటే కార్లు ఒక్కసారిగా పెరిగాయి. అంత పెద్ద రాజ్యాంగం చేయలేని పనిని రేకు ముక్క చేసింది.

డబ్బు కూడా అలాంటిదే. అంతకు ముందు ఒక్కో చోట ఒక్కో దేశపు కరెన్సీ, అందరూ నమ్మింది మాత్రం జర్మన్ మార్కునే. సరే, మార్కుతో సమానమైన 'కన్వర్టిబుల్ మార్క్' పెట్టారు. మొదటి కొన్నేళ్ళు కేంద్ర బ్యాంకు గవర్నరు ఆ దేశస్థుడు గాని ఇరుగుపొరుగు దేశస్థుడు గాని కాకూడదని రాజ్యాంగంలోనే రాశారు. న్యూజీలాండు నుంచి పీటర్ నికోల్ వచ్చాడు. ఇక నోటు మీద ఎవరి బొమ్మ వెయ్యాలి? రాజులు వద్దు, సేనాపతులు అసలే వద్దు. రచయితల బొమ్మలు వేశారు! పది మార్కుల నోటు ఫెడరేషన్‌లో మాక్ దిజ్దార్‌తో, సెర్బు భాగంలో అలెక్సా శాంతిచ్‌తో వచ్చింది. రెండూ దేశమంతా చెల్లుతాయి. రెండొందల నోటు మీద మాత్రం అందరికీ ఒక్కడే, 1961లో నోబెల్ అందుకున్న ఇవో ఆంద్రిచ్. కవుల్ని చూసి అటూ ఇటూ అని పేచీ పెట్టకుండా జనం చక్కగా చెల్లించేసుకున్నారు. జెండా కూడా వెస్టెన్‌డోర్పే ఖాయం చేశాడు, 1998 ఫిబ్రవరిలో, నగానో శీతాకాలపు ఒలింపిక్స్ మొదలవడానికి మూడు రోజుల ముందు. జాతీయగీతానికి బాణీ ఉంది. మాటలు ఇప్పటికీ లేవు. ఏం రాసినా ఎవరో ఒకరికి నచ్చదు.

అన్నిటికన్నా కష్టమైన పని ఇళ్ళు. పారిపోయినవాళ్ళ ఇళ్ళని 'వదిలేసిన ఆస్తి' అని యుద్ధకాలంలో చట్టాలు చేసి వేరేవాళ్ళకిచ్చేశారు. ప్రభుత్వ ఫ్లాట్లలో ఉన్నవాళ్ళయితే, యుద్ధం ముగిశాక వారం నుంచి రెండు వారాల్లోగా వచ్చి చేరకపోతే హక్కు పోయినట్టే అన్నారు. జర్మనీలోనో సెయింట్ లూయిస్‌లోనో తలదాచుకున్నవాడు వారంలో ఎలా వస్తాడు? పోనీ ఆ ఇంట్లో ఇప్పుడున్నవాడు దుర్మార్గుడా అంటే, అతన్నీ ఇంకో ఊళ్ళో ఇంకెవరో తరిమేశారు. అతని ఇంట్లో మరొకడు. ఒకడు కదిలితే గాని ఇంకొకడు కదలడు. కంప్యూటర్లలో మేం డెడ్‌లాక్ అంటాం.

ఎవరు మొదట కదలాలన్న దగ్గర నాలుగేళ్ళు పోయాయి. మేయర్లూ, హౌసింగు అధికారులూ ఫైళ్ళు తొక్కిపట్టారు. తమ జాతివాళ్ళని ఖాళీ చేయిస్తే ఓట్లు పోతాయి, అవతలివాళ్ళు తిరిగొస్తే యుద్ధంలో 'గెలిచిన' ఊరు మళ్ళీ కలగలిసిపోతుంది. 1999లో అంతర్జాతీయ సంస్థలన్నీ కలిసి ఒకే విధానం పెట్టాయి. ఆ నవంబరులో ఒక్క రోజే 22 మంది అధికారుల్ని పదవుల్లోంచి తీసేశారు. ఆ తర్వాత పెట్టిన నియమం ఎంత సాదాదో చూడండి: దరఖాస్తు వచ్చిన తేదీ వరుసలోనే తీర్పు. ఎవరి జాతి ఏది, ఎవరు యుద్ధవీరుడు, ఎవరి బావమరిది మంత్రి అన్నది చూడకూడదు. ముందొచ్చినవాడిది ముందు. 2004 కల్లా రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో నూటికి తొంభైకి పైగా తేలిపోయాయి. అదే ఏడాది, తిరిగొచ్చినవాళ్ళ సంఖ్య పది లక్షలు దాటిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ప్రకటించింది. జాతుల యుద్ధం తర్వాత ఇంత పెద్ద ఎత్తున ఇళ్ళు తిరిగిచ్చిన ఉదంతం ప్రపంచంలో ఇంకొకటి చెప్పడం కష్టం.

కానీ ఇల్లు దక్కించుకున్న చాలామంది అందులో ఉండలేదు. తాళం చెవి తీసుకుని, అమ్ముకుని, తమ జాతివాళ్ళు ఎక్కువగా ఉన్న చోట కొనుక్కున్నారు. ఇల్లు ఉంది గాని ఉద్యోగం లేదు. బడిలో పిల్లాడికి చెప్పే చరిత్ర పాఠంలో వాళ్ళ నాన్నే శత్రువు. దీన్ని బట్టి ఇళ్ళ పథకం విఫలమైందని కొందరు పండితులు రాస్తారు. నేనొప్పుకోను. ఊరొదిలి బలవంతంగా పోవడం వేరు, సొంత ఇల్లు అమ్ముకుని, డబ్బు జేబులో పెట్టుకుని, తనకు నచ్చిన చోటికి పోవడం వేరు. అమెరికా వచ్చిన మనలాంటివాళ్ళకి ఆ తేడా వేరే చెప్పాలా?

ఇళ్ళ తర్వాత ఎముకలు. బోస్నియాలో యుద్ధం ముగిసేసరికి 30,000 మందికి పైగా ఆచూకీ లేదు. స్రెబ్రెనిత్సాలో చంపినవాళ్ళని పూడ్చిన గోతుల్ని నేరం కప్పిపుచ్చడానికి బుల్‌డోజర్లతో తవ్వి వేరేచోట్లకి తరలించారు. ఒక్క మనిషి అవశేషాలు రెండు మూడు చోట్ల దొరికిన సందర్భాలున్నాయి. బట్టలు చూసి, పళ్ళు చూసి గుర్తుపట్టే పద్ధతి పనికిరాలేదు. 1996లో ఏర్పడిన తప్పిపోయినవారి అంతర్జాతీయ కమిషన్ వేరే దారి పట్టింది. బతికున్న బంధువుల రక్తం చుక్కలు వేల సంఖ్యలో సేకరించి, ఎముకల డి.ఎన్.ఎ.తో కంప్యూటర్లో పోల్చడం. మొదటి జత 2001 నవంబరులో కుదిరింది. తర్వాత అది వరదలా సాగింది. స్రెబ్రెనిత్సావాళ్ళలో ఏడువేలకు దగ్గరగా పేర్లు తేలాయి. దేశం మొత్తం మీద పోయినవాళ్ళలో నూటికి డెబ్భైకి పైగా దొరికారు. ఏటా జులై 11న పొతొచారి స్మశానంలో ఆ ఏడాది తేలినవాళ్ళని పూడుస్తారు.

ఈ పని నా దృష్టిలో భద్రతకి సంబంధించినది కూడా. ఎన్ని వేలమంది అన్నది వాదనగా ఉన్నంతకాలం ప్రతి రాజకీయ నాయకుడూ తనకిష్టమైన అంకె చెప్పుకోవచ్చు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, దొరికిన గోతి, డి.ఎన్.ఎ. జత, ఇన్ని ఉన్నాక కాదనడానికి సిగ్గు కావాలి. సిగ్గు లేనివాళ్ళు ఇప్పటికీ కాదంటున్నారు, అది వేరే సంగతి. హేగ్ న్యాయస్థానం 161 మంది మీద అభియోగాలు మోపింది. 2011 కల్లా తప్పించుకు తిరిగేవాడు ఒక్కడూ మిగల్లేదు. కరాజిచ్ బెల్‌గ్రేడ్‌లో గడ్డం పెంచుకుని ప్రకృతి వైద్యుడి వేషంలో బతుకుతూ 2008లో దొరికాడు. మ్లాదిచ్ 2011లో. ఇద్దరికీ యావజ్జీవ శిక్షలు ఖాయమయ్యాయి.

సైన్యం సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతాను. యుద్ధం చేసిన మూడు సైన్యాలూ 2006 జనవరి 1 నుంచి ఒకే మంత్రిత్వశాఖ కింద ఒకే సైన్యం అయ్యాయి. దాంట్లో ప్రతి బ్రిగేడులోనూ మూడు జాతులవాళ్ళూ ఉంటారు. దీనికి 2002లో బయటపడ్డ ఒక కుంభకోణం సాయపడింది. సెర్బు భాగంలోని ఒక విమాన కర్మాగారం ఇరాక్‌కి విడిభాగాలు అమ్ముతోందని తెలిసి అమెరికా కన్నెర్ర చేసింది. నాటోలో చేరే ఆశ ఒక పక్క, ఈ పరువు తక్కువ మరో పక్క. హై రిప్రజెంటేటివ్ ఆష్‌డౌన్ ఆ అదను వదల్లేదు.

ఇక కదలని భాగానికి వస్తాను. నాలుగో అనుబంధం ప్రకారం దేశానికి అధ్యక్షులు ముగ్గురు: ఒక బొస్నియాక్, ఒక క్రొయేట్, ఒక సెర్బు. మొదటి ఇద్దరు ఫెడరేషన్ నుంచి, మూడోవాడు రిపబ్లికా స్ర్ప్‌స్కా నుంచి. ఈ మూడూ కానివాళ్ళకి రాజ్యాంగం పెట్టిన పేరు 'ఇతరులు'. యూదులు, రోమాలు, ఏ పేరూ వద్దు నేను బోస్నియా పౌరుణ్ణి అనేవాళ్ళు, అందరూ 'ఇతరులే'. అధ్యక్ష పదవికి నిలబడే హక్కు వాళ్ళకి లేదు. దెర్వో సెయ్‌దిచ్ అనే రోమా, యాకొబ్ ఫిన్సి అనే యూదుడు యూరప్ మానవ హక్కుల కోర్టుకెళ్తే, 2009 డిసెంబరు 22న ఇది వివక్షేనని తీర్పు వచ్చింది. పౌరురాలిని తప్ప మరేమీ కానన్న అజ్రా జొర్నిచ్ 2014లో గెలిచింది. అన్నిటికన్నా నన్ను కలచివేసింది 2016 నాటి తీర్పు. ఇలియాజ్ పిలావ్ స్రెబ్రెనిత్సా ముట్టడిలో గాయపడ్డవాళ్ళకి ఆపరేషన్లు చేసిన బొస్నియాక్ డాక్టరు. యుద్ధం తర్వాత అక్కడికే తిరిగొచ్చి ఉంటున్నాడు. కానీ స్రెబ్రెనిత్సా గీతకి అవతల పడింది గనక, అక్కడుండే బొస్నియాక్ అధ్యక్ష పదవికి నిలబడలేడు. ఏడో అనుబంధం మాట నమ్మి తిరిగొచ్చినవాణ్ణి నాలుగో అనుబంధం శిక్షించింది. ఆయన కూడా కోర్టులో గెలిచాడు. 2025 నాటికీ ఈ తీర్పుల్లో ఒక్కటీ అమలు కాలేదు.

కొన్నేళ్ళ కిందట నాతో ఒకే టీములో పనిచేసిన అతను తూజ్లా ఊరివాడు. నాన్న సెర్బు, అమ్మ ముస్లిం. చిన్నప్పుడే సెయింట్ లూయిస్ వచ్చారు. అక్కడ వేలాది బోస్నియా కుటుంబాలున్నాయి. మన ఊరి హోటళ్ళలాగే వాళ్ళ రొట్టెల దుకాణాలూ, కాఫీ కొట్లూ ఉంటాయి. ఇక్కడ జనాభా లెక్కల ఫారంలో మనం 'ఏషియన్ ఇండియన్' అని టిక్కు పెట్టి మర్చిపోతాం. అతనికి తన దేశంలో టిక్కు పెట్టాలంటే అమ్మనో నాన్ననో వదులుకోవాలి, లేదా 'ఇతరుడు' కావాలి. ఇది అతను నవ్వుతూనే చెప్పేవాడు.

దీన్ని మార్చాలని ప్రయత్నించకపోలేదు. 2006 ఏప్రిల్‌లో ఒక సవరణ ప్యాకేజీ పార్లమెంటులో రెండంటే రెండు ఓట్ల తేడాతో పడిపోయింది. 1995 నుంచి ఈ రాజ్యాంగానికి జరిగిన సవరణ ఒక్కటే, అది కూడా 2009లో బర్చ్‌కో గురించి. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. కుర్చీలు జాతుల వారీగా పంచితే, ఆ కుర్చీల్లో కూర్చునేది జాతి పేరు చెప్పి గెలిచేవాళ్ళే. వాళ్ళ ఓటు లేకుండా పంపకం మారదు. ఈ లోగా దేశానికి పద్నాలుగు ప్రభుత్వాలు: ఒక కేంద్రం, రెండు భాగాలు, పది కాంటన్లు, ఒక జిల్లా. సిగరెట్ పెట్టె మీద పొగ తాగితే చస్తారన్న హెచ్చరిక మూడు భాషల్లో మూడుసార్లు ఉంటుంది. మొదటి రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే, మూడోది అదే వాక్యం సిరిలిక్‌లో.

1995లో వేరే దారి ఉందా? లేదనే అనుకుంటాను. చేతిలో సైన్యాలున్నవాళ్ళకి పదవుల్లో భాగం రాసివ్వకపోతే ఆ నవంబరులో సంతకాలు పడేవి కావు. శీతాకాలంలో ఇంకొన్ని వేలమంది పోయేవారు. నా అభ్యంతరం ఆ భాగానికి గడువు తేదీ వెయ్యకపోవడం మీద. నాటో సైనికులకి ఏడాది గడువు పెట్టారు. బ్యాంకు గవర్నరు విదేశీయుడు కావాలన్న నియమానికి ఆరేళ్ళ గడువు పెట్టారు. జాతుల కుర్చీలకి మాత్రం పెట్టలేదు. యుద్ధం ఆపడానికి అత్యవసరంగా వేసిన మాట్లు దేశానికి పునాది అయి కూర్చుంది. మిలొరాద్ దొదిక్ లాంటి నాయకుడు పదిహేనేళ్ళకి పైగా విడిపోతామని బెదిరిస్తూ రాజకీయం నడపగలిగాడంటే అందుకే. హై రిప్రజెంటేటివ్ ఆదేశాల్ని ధిక్కరించినందుకు 2025 ఫిబ్రవరిలో సరాయెవో కోర్టు అతనికి ఏడాది జైలు, ఆరేళ్ళ రాజకీయ నిషేధం విధించింది. అప్పుడు కూడా కాల్పులు మాత్రం జరగలేదు. అటువైపూ ఇటువైపూ వేరే సైన్యాలంటూ లేవు గదా.

డేటన్‌లో ఎవరికీ ఇవ్వకుండా వదిలేసిన బర్చ్‌కో ఏమైందో చెప్పాలి. 1999లో మధ్యవర్తి, ఊరు ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ అని తీర్పిచ్చి ప్రత్యేక జిల్లా చేశాడు. దాని దగ్గర అమెరికన్ సైనికులు అరిజోనా అని పేరుపెట్టుకున్న రోడ్డు మీద, చెక్‌పోస్టు పక్కన 1996లోనే ఒక సంత పుట్టింది. మూడు జాతులవాళ్ళూ పశువులు, సిగరెట్లు, బట్టలు అమ్ముకునేవారు. దొంగసరుకూ, అంతకన్నా ఘోరమైన వ్యాపారాలూ అక్కడ జరిగాయి, దాచనక్కరలేదు. అయినా సమావేశాలకి రానివాళ్ళు సంతకి వచ్చారు. బడుల దగ్గర మాత్రం పెద్ద పేచీ అయింది. 2000 అక్టోబరులో విద్యార్థులు వీధుల్లోకొచ్చి గొడవలు చేశారు. మరుసటి ఏడాది కలిసిన బడులు పెట్టి, వాటిలో చేరే పంతుళ్ళకి జీతం పెంచారు. సంతకాలు పడ్డాయి. అక్కడి పిల్లలు రెండు లిపుల్లోనూ, ఎవరి మాట వాళ్ళు మాట్లాడుతూ ఒకే గదిలో చదువుకుంటున్నారు.

ఫెడరేషన్‌లోని కొన్ని కాంటన్లలో కథ వేరు. అక్కడ 'ఒకే కప్పు కింద రెండు బడులు' అన్న పద్ధతి వచ్చింది. నిర్వాసితులు తిరిగొచ్చిన కొత్తలో తాత్కాలికమని మొదలుపెట్టారు. భవనం ఒకటే. బొస్నియాక్ పిల్లలకి ఒక తలుపు, క్రొయేట్ పిల్లలకి ఇంకొక తలుపు, లేదా పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. అలాంటివి యాభైకి పైగా ఉండేవి. 2016లో యాయ్‌త్సె అనే చిన్న పట్నంలో కలిసి నడుస్తున్న హైస్కూల్ని కూడా విడదీసి బొస్నియాకులకి వేరే బడి పెట్టాలని కాంటన్ ప్రభుత్వం తలపెట్టింది. రెండు జాతుల పిల్లలూ కలిసి వీధిలోకొచ్చారు. ఒకసారి కాదు, ఏడాది పాటు. 2017లో ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది. ఆ మరుసటి ఏడాది యూరప్ భద్రతా సంస్థ తరఫున ఇచ్చే మాక్స్ వాన్ డెర్ స్టూల్ బహుమతి వాళ్ళకే ఇచ్చారు. వాళ్ళంతా డేటన్ తర్వాత పుట్టినవాళ్ళు. ఓటు హక్కు వచ్చి అధ్యక్ష ఎన్నికల్లో వెయ్యబోయినప్పుడు వాళ్ళ చేతికి అందిన బ్యాలెట్ మాత్రం 1995 నాటి పంపకం ప్రకారం అచ్చయిందే.